వేలంలో కొన్న వస్తువుకు కొరియర్ మీరే మాట్లాడుకుంటున్నారా? ముందు ఇది వినండి

నమస్తే అండి. ఆన్‌లైన్ వేలంలో పాట మీకే దక్కింది, డబ్బులు కట్టేశారు. అంతలో అమ్మినాయన మెసేజ్: 'మేము పంపం, కొరియర్ మీరే మాట్లాడుకోండి.' హైదరాబాద్ నుంచో పుణె నుంచో పాత రేడియోలు, గోడ గడియారాలు తెప్పించుకునే మన హన్మకొండ, వరంగల్ వాళ్లకు ఇది కొత్తేం కాదు. అందరి టెన్షన్ ఛార్జీ గురించే. నేను మాత్రం ముందు వేరే మాట అడగమంటాను: ప్యాకింగ్ ఎవరు చేస్తారు?

మామూలుగా పికప్‌కు వచ్చే అబ్బాయి ప్యాక్ చేయడు. డబ్బా రెడీగా ఉంటే తీసుకుంటాడు, లేకుంటే వెళ్లిపోతాడు. అమ్మినాయనకేమో డబ్బులు వచ్చేశాయి, ఏదో పాత అట్టపెట్టెలో పెట్టి టేపు చుట్టేస్తాడు. దారిలో పగిలిందనుకోండి, ప్యాకింగ్ బాలేదని కొరియర్ వాళ్లంటారు, నేను బాగానే ఇచ్చానని ఆయనంటాడు. నష్టపోయేది మీరు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 39వ సెక్షన్ చూసినా అంతే. వేరే ఒప్పందం లేకుంటే, సరుకు రవాణా వాళ్ల చేతికి ఇచ్చారంటే మామూలుగా కొన్నవాళ్లకు ఇచ్చినట్టే లెక్క.

అందుకే పాట పాడకముందే ఈ మాట తేల్చుకోండి. డబ్బా మూసేముందు వస్తువు నడుస్తోందా, లోపల కదలకుండా ఉందా అని వీడియో తీసి పంపమనండి. మొహమాటం అస్సలు వద్దు. వీడియో తీయనంటే ఆ వస్తువు ఎంత నచ్చినా వదిలేయండి. ప్యాక్ చేసిన డబ్బా ఫొటో, కొలతలు వచ్చాకే పికప్ బుక్ చేయండి.

కొలతలు ఎందుకంటే, చాలా కొరియర్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తాయి. అది అసలు బరువు కన్నా ఎక్కువైతే దానికే ఛార్జీ. 7 కిలోల రేడియోను 60, 40, 40 డబ్బాలో పెడితే లెక్కలో 19 కిలోలు దాటుతుంది! అయినా సరే, చిన్న డబ్బా చాలని అమ్మినాయన్ను తొందరపెట్టకండి. చుట్టూ మెత్త పట్టే చోటు ఉండాలి.

హైదరాబాద్ సరుకైతే ఆర్టీసీ కార్గో కూడా అడిగి చూడండి. బస్టాండ్ దాకా ఎవరు తెచ్చిస్తారో ముందే మాట్లాడుకోవాలి.

బీరువా, టేకు బల్ల లాంటివి లారీ ట్రాన్స్‌పోర్ట్‌లోనే వస్తాయి. ఇక్కడ చాలామంది దెబ్బతింటున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. రసీదు మీద 'ఓనర్స్ రిస్క్', అంటే నష్టమొస్తే భారం సరుకు యజమానిదే, అని ఉందేమో చూడండి. 2007 రోడ్డు రవాణా చట్టం కింద, సరుకు విలువ రాయించి ఎక్కువ రిస్క్ రేటు కట్టకపోతే, పరిహారం మామూలుగా కిరాయికి పది రెట్ల దగ్గరే ఆగుతుంది. అంటే 600 కిరాయి కడితే 6,000. బల్ల ముప్పై వేలదైనా అంతే. కాబట్టి విలువ రాయించండి, ఆ అదనపు రేటు కట్టండి. నష్టం జరిగితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఫోన్లో మొరపెట్టుకుంటే సరిపోదు.

సరుకు ఇంటికొచ్చాక డబ్బా నలిగి కనిపిస్తే, సంతకం చేయకముందే, ఓటీపీ చెప్పకముందే ఫొటోలు తీయండి, 'డబ్బా నలిగి వచ్చింది' అని రసీదు మీదే రాయండి. తర్వాత వీడియో ఆన్ చేసి విప్పండి.