ఈ పాట ఎవరి కోసం రాశారు?

(నల్గొండలో కంప్యూటర్ విద్యార్థులు, కీబోర్డ్ వాద్యకారులు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పోయిన నెల నకిరేకల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి మా ఇంటికి వచ్చాడు. పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాల వాళ్ల కీబోర్డులు నేను బాగుచేస్తానని ఎవరో చెప్పారట. సంచిలోంచి అతను తీసింది మాత్రం ల్యాప్‌టాప్. అందులో 1990 ప్రాంతపు డాస్ ఆట ఒకటి ఉంది. "సార్, ఇందులో పాట తప్పుగా వస్తోంది. స్పీకర్లు మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను, ఒక జీబీ సౌండ్‌ఫాంట్ కూడా పెట్టాను. బాగుపడలేదు" అన్నాడు. సౌండ్‌ఫాంట్ అంటే వాయిద్యాల శబ్దాలు దాచిన ఫైలు.

విన్నాను. పియానో పియానోలాగే మోగింది. వయొలిన్ల బృందం నిండుగా ఉంది. తర్వాత, సితార్ ఒంటరిగా పలకవలసిన చోట ఒక్కసారిగా బాకాల గుంపు లేచింది. అసలు పరికరం మీద ఆ పాట ఎలా ఉంటుందో అతను రికార్డింగ్‌లో విన్నాడు కాబట్టి తేడా పట్టుకోగలిగాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి విన్నాం. ఎడమ చెవికి రావలసిన వాయిద్యం కుడి చెవికి వస్తోంది. కానీ స్వరం ఒక్కటీ తప్పలేదు, తాళం ఎక్కడా జారలేదు.

స్వరాలు సరిగ్గా ఉండి వాయిద్యాలు మారిపోతే, పరికరం చెడిపోలేదని అర్థం. ఒకరికి రాసిన ఉత్తరాన్ని ఇంకొకరు విప్పి చదువుతున్నారు. ఈ ఒక్క మాట చెప్పడానికే నేను ఇవాళ మీ ముందుకు వచ్చాను. పాత ఆటల సంగీతంలో ఏ చిక్కు వచ్చినా ముందు వేసుకోవలసిన ప్రశ్న, ఈ పాట ఏ పెట్టె కోసం రాశారు అన్నదే.

ఆ ఆటల్లో చాలా పాటలు మిడి అనే పద్ధతిలో ఉంటాయి. మిడి ఫైలులో శబ్దం ఉండదు. ఏ మెట్టు నొక్కాలి, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి, ఇంతే ఉంటుంది. వేర్వేరు కంపెనీల వాద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని 1983లో ఈ మిడి ఒప్పందం కుదిరింది. జపాన్ వాద్యాల సంస్థ రోలాండ్ సంస్థాపకుడు ఇకుతారో కకేహాషి, అమెరికా ఇంజినీరు డేవ్ స్మిత్ దీనికి ముఖ్య కారకులు. ముప్పై ఏళ్ల తర్వాత, 2013లో, ఆ ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు. తీగ మీద 16 ఛానెళ్లు, వాయిద్యాలకు 128 నంబర్లు. అయితే ఏ నంబరుకు ఏ వాయిద్యమో ఆ ఒప్పందం చెప్పలేదు. దాన్ని తయారీదారుల ఇష్టానికి వదిలేసింది. ఇంటి నంబరు రాసి ఊరి పేరు రాయని ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? ఆ నంబరుకు నల్గొండలో ఒక ఇల్లు, పాలమూరులో ఇంకో ఇల్లు ఉంటాయి. రెండు చోట్లా ఎవరో ఒకరు తలుపు తీస్తారు. అందుకే ఈ తప్పు అంత త్వరగా బయటపడదు.

1987లో రోలాండ్ ఎంటీ-32 అనే, మిడి అందుకుని శబ్దం పుట్టించే పెట్టెను తెచ్చింది. అమెరికాలో సియెర్రా సంస్థ 1988 నాటి కింగ్స్ క్వెస్ట్ నాలుగో భాగంతో ఆటల సంగీతాన్ని దాని మీదికి తీసుకువెళ్లింది. అప్పటిదాకా బీప్ శబ్దాలు చేసిన కంప్యూటర్‌కు వాద్యబృందం దొరికింది. ఆ పెట్టెకు తన వాయిద్యాల జాబితా తనదే. ఆ తర్వాత 1991లో, అందరికీ ఒకే జాబితా ఉండాలని జనరల్ మిడి వచ్చింది. అదే ఏడు రోలాండ్ ఎస్‌సీ-55 అనే పెట్టె కూడా వచ్చింది. 1993 నాటి డూమ్ లాంటి ఆటల సెటప్‌లో జనరల్ మిడి అనే పేరు మీకు కనిపించేది అందుకే.

ఈ రెండు జాబితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఎంటీ-32లో 1 పియానో, జనరల్ మిడిలోనూ 1 పియానోయే. 49 రెండింట్లోనూ వయొలిన్ల బృందమే. ఆ కుర్రవాడు మోసపోయింది ఇక్కడే. మొదటి అర నిమిషం పియానో, వయొలిన్లు సరిగ్గా మోగేసరికి సెట్టింగ్స్ అన్నీ బాగున్నాయని ఎవరైనా నమ్ముతారు. ఇక 64కు వెళితే, ఎంటీ-32లో అది సితార్, జనరల్ మిడిలో సింథ్ బాకాలు. 89 అక్కడ ట్రంపెట్, ఇక్కడ మెత్తగా పరుచుకునే నేపథ్య స్వరం. 73 అక్కడ ఫ్లూట్, ఇక్కడ పికలో. చివరిది మరీ ప్రమాదకరం. రెండూ పిల్లనగ్రోవి కుటుంబమే కాబట్టి పాట కాస్త కీచుగా ఉందని సరిపెట్టుకుని ఊరుకుంటాం.

నంబర్ల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. కొన్ని ప్రోగ్రాములు 0 నుంచి 127 దాకా లెక్కపెడతాయి, కొన్ని 1 నుంచి 128 దాకా. నేను చెబుతున్నవి 1తో మొదలయ్యే లెక్కలో. మీ తెర మీద 63 కనిపిస్తే కంగారు పడకండి, అదే సితార్.

మరి ఎడమ, కుడి ఎందుకు తారుమారయ్యాయి? శబ్దం ఏ చెవికి ఎంత పోవాలో చెప్పే పాన్ విలువను ఎంటీ-32 తక్కిన ప్రపంచానికి ఎదురుగా చదువుతుంది. స్వరాన్ని సాగదీసే చక్రం కూడా దానికి మామూలుగా 12 అర స్వరాల దూరం వెళుతుంది, జనరల్ మిడిలో అయితే 2 మాత్రమే. గమకం పైస్థాయి షడ్జం దాకా లేవవలసిన చోట ఒక్క మెట్టెక్కి ఆగిపోతే, పాట ఎంటీ-32ది అని ఆ ఒక్క ఆనవాలుతోనే చెప్పేయవచ్చు. దీనికి ఎదురు కేసు కూడా ఉంది. ఎంటీ-32 ఆన్ చేయగానే 2 నుంచి 10 దాకా ఉన్న ఛానెళ్లనే వింటుంది. జనరల్ మిడి పాటను దానికి పంపితే, ఒకటో ఛానెల్‌లో ఉన్న ప్రధాన రాగం మాయమై తక్కిన బృందం మాత్రం వాయిస్తూ పోతుంది.

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం మీరంతా చూసే ఉంటారు. లింగం వెనక నిలకడగా పడే ఆ నీడ ఏ స్తంభానిదో తెలుసుకోవాలని చిన్నప్పుడు నేను ఒక్కో స్తంభం దగ్గర నిలబడి చేయి అడ్డంపెట్టి చూసేవాణ్ని. రిపేరులో నేను ఇప్పటికీ చేసేది అదే. స్పీకర్‌లో తప్పు వినిపించింది కదా అని స్పీకర్ మీద పడను. ఆట, పాత కంప్యూటర్‌ను అనుకరించే ఎమ్యులేటర్, డ్రైవర్, స్వరాలను శబ్దంగా మార్చే సింథ్, కేబుల్ అన్నీ స్తంభాలే. ఒక్కసారికి ఒక్కదానికే చేయి అడ్డంపెట్టాలి. రెండు సెట్టింగులు ఒకేసారి మార్చితే పాట బాగుపడవచ్చు గానీ, దేనివల్ల బాగుపడిందో మీకు తెలియదు. రేపు మళ్లీ చెడితే మళ్లీ మొదటికి వస్తారు.

ముందు ఆట సెటప్ తెరవండి. అక్కడ రోలాండ్ అని ఉందా, జనరల్ మిడి అని ఉందా, అప్పటి సౌండ్ కార్డు ఆడ్‌లిబ్ అని ఉందా చూడండి. 1990కి ముందటి ఆటలో ఊరికే రోలాండ్ అని ఉంటే అది దాదాపు ఎప్పుడూ ఎంటీ-32యే. తర్వాత, పాత డాస్ ఆటలను నడిపే ఎమ్యులేటర్ డాస్‌బాక్స్‌లో మిక్సర్ ఆదేశానికి లిస్ట్‌మిడి జోడించి నడిపితే, మీ కంప్యూటర్‌లో ఉన్న మిడి పరికరాలు వరుసగా కనిపిస్తాయి. ఆట ఎవరికి పంపుతోందో, ఇక్కడ ఎవరు అందుకుంటున్నారో ఈ రెండు చూస్తే తెలిసిపోతుంది. విండోస్‌తో వచ్చే సింథ్ రోలాండ్ దగ్గర తీసుకున్న శబ్దాలతో చేసిందే అయినా, దానికి ఎంటీ-32 భాష రాదు. పైగా విస్టా నుంచి మిడి పరికరాన్ని ఎంచుకునే పెట్టెను కంట్రోల్ ప్యానెల్‌లోంచి తీసేశారు. కాబట్టి ఏ ప్రోగ్రాములో పాట నడుపుతున్నారో అందులోనే పరికరాన్ని ఎంచుకోవాలి. లేకపోతే పాట మీకు తెలియకుండానే ఆ పాత సింథ్‌కే పోతుంది.

సౌండ్‌ఫాంట్ పరిమాణం గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్దది పెడితే తప్పు ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది, అంతే. ఒక జీబీ సౌండ్‌ఫాంట్‌లో బాకాలు ఎంత బాగున్నా అవి సితార్ కావు. జనరల్ మిడి ఆటలకు ఫ్లూయిడ్‌సింథ్ అనే ప్రోగ్రాముతో జనరల్‌యూజర్ జీఎస్ లాంటి చిన్న ఉచిత ఫాంట్ చాలు. వాయిద్యాల బలాబలాలు సమంగా ఉండటం ముఖ్యం. ఇక ఆడ్‌లిబ్ కోసం రాసిన పాటను సౌండ్‌ఫాంట్‌తో బాగుచేయాలని దయచేసి చూడకండి. ఆ కార్డులోని యమహా వైఎం3812 చిప్‌కు 9 గొంతులే ఉంటాయి. ఆ తొమ్మిదింటితో బృందం మొత్తాన్ని ఊహింపజేసిన వాళ్ల పనితనం ఆ గరుకు శబ్దంలోనే ఉంది. డాస్‌బాక్స్ ఆ చిప్‌ను అనుకరించగలదు, దాంతోనే వినండి.

ఇప్పుడు అసలైన చిక్కు దగ్గరికి వద్దాం. నంబర్ల పట్టిక ఒకటి పెట్టి 64ను సితార్ వైపు మళ్లిస్తే పని అయిపోతుందా? పాత ఆటలు నడిపే స్కమ్‌వీఎం లాంటి ప్రోగ్రాములు అలాగే మళ్లిస్తాయి, కొంతవరకు బాగుంటుంది కూడా. కానీ ఆ కాలపు స్వరకర్తలు పెట్టెలో ఉన్న శబ్దాలతో తృప్తిపడలేదు. గాలి, తలుపు కిర్రుమనడం, నీటి చప్పుడు అన్నీ తామే తయారుచేసి ఎంటీ-32 జ్ఞాపకంలోకి ఎక్కించేవారు. అలాంటి సొంత శబ్దాలకు అందులో 64 గదులు ఉన్నాయి. ఎక్కించే సాధనం సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ సందేశం. వాడుకలో సిసెక్స్ అంటాం. తక్కిన సింథ్‌లు ఆ సందేశాన్ని చూసి తమది కాదని పక్కన పెట్టేస్తాయి.

ఆట మొదలయ్యే ముందు కొన్ని సెకన్లు ఏమీ జరగకుండా ఆగడం గమనించారా? మిడి తీగ వేగం సెకనుకు 31,250 బిట్లు. మొదలు, ముగింపు గుర్తులతో కలిపి ఒక్కో బైటుకు 10 బిట్లు పడతాయి, అంటే 3,125 బైట్లు. ఒక శబ్దం వర్ణన 246 బైట్లు. తలా తోకా కలిపితే 256 అవుతుంది. ఒక్కటి దాటడానికి 82 మిల్లీసెకన్లు. అరవై నాలుగూ పంపితే ఐదు సెకన్లకు పైనే పడుతుంది. అప్పటి కంప్యూటర్లు మెల్లగా పంపేవి. ఇప్పటి కంప్యూటర్ ఊపిరి తీసుకోకుండా పంపితే తొలితరం ఎంటీ-32లకు మింగుడు పడదు, బఫర్, అంటే తాత్కాలిక నిల్వ, నిండిపోయిందని తెర మీద చూపించి కొన్ని సందేశాలను వదిలేస్తాయి. డాస్‌బాక్స్‌లో డిలేసిసెక్స్ అనే సెట్టింగ్ ఉన్నది ఇందుకే. చౌక యూఎస్‌బీ మిడి కేబుళ్లలోనూ ఇదే గండం ఉంది. స్వరాలు చక్కగా పోతాయి, పొడవైన సందేశాలు మధ్యలో తెగిపోతాయి. అలాంటి కేబుల్ ఒకటి కొని మూడు వారాలు నా పెట్టె పాడైందనే అనుకున్నాను. పెట్టె విప్పి, సోల్డరింగ్ చూసి, మళ్లీ మూసి, చివరికి కేబుల్ మార్చాను. మొదటి నిమిషంలోనే అంతా మోగింది. అందుకే చెబుతున్నాను, పెట్టె విప్పే ముందు కేబుల్ మార్చండి.

పెట్టె లేనివాళ్లకు మంట్ అనే ప్రోగ్రాము ఉంది. అది ఎంటీ-32ను లోపలి నుంచి అనుకరిస్తుంది. సిసెక్స్ అర్థమవుతుంది, ఎడమ కుడి సరిపోతాయి, గమకం సరిపోతుంది. అయితే పెట్టెలోని రెండు రోమ్‌ల ప్రతులు దానికి కావాలి. రోమ్ అంటే చదవడానికి మాత్రమే ఉండే చిప్, కంప్యూటర్ జ్ఞాపకమైన ర్యామ్ కాదు. వాటి మీద హక్కులు తయారీదారువి కాబట్టి మంట్ వాటిని ఇవ్వదు. నా పెట్టెలోవి నేను తీసుకున్నాను. హైదరాబాద్‌లో ఒక స్టూడియో సామాన్లు అమ్మేసినప్పుడు కొన్న పెట్టె ఇది. ఇప్పుడు ఈ బల్ల మీద ఉన్నది అదే. నకిరేకల్ కుర్రవాడు ముందు వరుసలో కూర్చున్నాడు, ఆ రోజు ఈ పెట్టెకు అతని ల్యాప్‌టాప్ తగిలించగానే సితార్ తన చోటికి తాను వచ్చింది.

చివరగా ఒక సందేశాన్ని మన చేతులతో తయారుచేసి పంపుదాం. ఈ పెట్టె ముందు 20 అక్షరాలు పట్టే చిన్న తెర ఉంది. ఆటలు సిసెక్స్‌తో దాని మీద మాటలు రాసేవి. మనం మన ఊరి పేరు రాద్దాం. సందేశం చివర సరిచూసుకునే అంకె ఒకటి ఉండాలి. చిరునామా, అక్షరాల విలువలు, ఆ అంకె అన్నీ కలిపితే 128తో శేషం లేకుండా భాగింపబడాలి. ఇంగ్లీషులో నల్గొండకు ఎనిమిది అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో వాటి విలువలు వరుసగా 78, 65, 76, 71, 79, 78, 68, 65. మొత్తం 580. తెర చిరునామా 32, 0, 0. అది కలిపితే 612. మిగిలిన 12 గళ్లలో ఖాళీలు నింపాలి. ఒక్కో ఖాళీ విలువ 32, మొత్తం 384, అంటే 128కి సరిగ్గా మూడింతలు. కాబట్టి అది లెక్కను కదిలించదు. 612లోంచి 128కి నాలుగింతలైన 512 తీసేస్తే 100. 128లోంచి 100 తీసేస్తే 28. సందేశం చివర ఈ 28 ఉండాలి. దీన్నే చెక్‌సమ్ అంటారు. దారిలో ఒక్క బైటు మారినా ఈ లెక్క తప్పుతుంది.

మొదట కావాలని 27 పెట్టి పంపుతున్నాను. చూడండి, చెక్‌సమ్ తప్పు అంటోంది. ఊరి పేరు రాలేదు.

ఇప్పుడు 28. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, అక్షరాలు చిన్నవి.