మంటలోకి దూకమన్న సేనాని

‘ఇస్లాంలో పాలకుడు ఏం చెబితే అది చేయాల్సిందే, అది మతవిధి.’ ఈ మాట వినపడితే నాకు చిరాకు. ఆధారంగా ఖురాన్ 4:59 చూపిస్తారు: అల్లాహ్‌కు, ప్రవక్తకు, మీలో అధికారం ఉన్నవాళ్ళకు విధేయులై ఉండండి. సరే, కానీ వాక్యం అక్కడితో అయిపోలేదు కదా! మీ మధ్య వివాదం వస్తే దాన్ని అల్లాహ్ ముందు, ప్రవక్త ముందు పెట్టమంది. పాలకుడి ముందు పెట్టమనలేదు. ఆ సగం చదివే ఓపిక ఎవరికీ ఉండదు.

బుఖారీ సేకరించిన హదీసుల్లో, అంటే ప్రవక్త మాటలు, చేతల గురించిన కథనాల్లో, నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. ప్రవక్త ఒక చిన్న దళాన్ని పంపుతూ, సేనాని మాట వినమని చెప్పారు. దారిలో ఆ సేనానికి కోపమొచ్చింది. ‘నా మాట వినమని ప్రవక్త చెప్పారా లేదా?’ చెప్పారన్నారు. ‘అయితే కట్టెలు ఏరండి.’ ఏరారు. ‘మంట వేయండి.’ వేశారు. ‘ఇక దూకండి.’

కొందరు దూకబోయారు కూడా. మిగతావాళ్ళు పట్టి ఆపారు: ‘నిప్పు నుంచి తప్పించుకోవడానికే కదా ప్రవక్త దగ్గరికి వచ్చాం!’ ఈ లాగులాటలో మంట ఆరిపోయింది, సేనాని కోపం కూడా చల్లారింది. సంగతి విన్న ప్రవక్త, దూకి ఉంటే మళ్ళీ బయటికి వచ్చేవాళ్ళు కాదని, విధేయత మంచి పనిలోనేనని అన్నారు.

ఇప్పుడు ఆ సైనికుల్ని చూడండి. దూకలేదు. అలాగని సేనాని మీద చెయ్యి కూడా చేసుకోలేదు. చెప్పిన పని చేయకపోవడం వేరు, చెప్పినవాణ్ణి దించేయడం వేరు. తర్వాతి రెండు వందల ఏళ్ళ గొడవ చాలా వరకు ఈ రెంటి మధ్యే నడిచింది.

[తెర మీద: 632, మదీనా]

ప్రవక్త మరణం తర్వాత ముస్లింలు తొలి ఖలీఫా, అంటే ప్రవక్త తర్వాతి పాలకుడు, అబూబక్ర్ చేతిలో చెయ్యి వేసి బైఅత్ చేశారు, అంటే విధేయత ప్రమాణం చేశారు. ఆయన తొలి ప్రసంగాన్ని చరిత్రకారులు భద్రంగా రాసుకున్నారు: నేను మీలో ఉత్తముణ్ణేం కాదు, తప్పు చేస్తే సరిదిద్దండి, నేను అల్లాహ్‌కు విధేయుడిగా ఉన్నంతవరకే నాకు విధేయులుగా ఉండండి. మాట గొప్పదే. కానీ ఎవరు సరిదిద్దాలి, ఎలా? వినకపోతే ఏం చేయాలి? దానికి ఏ పద్ధతీ ఏర్పడలేదు. నన్నడిగితే అసలు చిక్కంతా అక్కడే ఉంది.

656లో ఆ చిక్కు బయటపడింది. ఈజిప్టు, కూఫా, బస్రాల నుంచి వచ్చిన అసంతృప్తులు మదీనాలో మూడో ఖలీఫా ఉస్మాన్ ఇంటిని చుట్టుముట్టారు. దిగిపొమ్మన్నారు, ఆయన దిగనన్నాడు, చంపేశారు. అంటే ఈసారి సేనానినే మంటలోకి తోశారు. మరుసటి ఏడాది సిఫ్ఫీన్ యుద్ధంలో నాలుగో ఖలీఫా అలీ ఎదుటిపక్షంతో మధ్యవర్తిత్వానికి ఒప్పుకున్నందుకు ఆయన మనుషుల్లోనే కొందరు విడిపోయారు, వాళ్ళే ఖారిజీలు. పెద్ద పాపం చేసినవాడికి పాలించే హక్కే లేదన్నారు. 661లో అలీని చంపింది కూడా ఖారిజీయే. పాలన అలీకి, ఆయన వంశానికే చెందాలన్న షియాల ప్రశ్న ఇంకా ముందుకెళ్ళింది: అసలు ఆ సేనానిని నియమించింది ఎవరు?

680లో ఖలీఫా యజీద్‌కు బైఅత్ చేయనన్న ప్రవక్త మనవడు హుసేన్ కథ మన పల్లెల్లో పీర్ల పండుగ చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, పరుగెడదాం. వరస అంతర్యుద్ధాలతో జనం హడలిపోయారు. చెడ్డ పాలకుడైనా నయం, ఈ నెత్తుటి గొడవ వద్దనేవాళ్ళు పెరిగారు. 750లో అబ్బాసీ వంశం వాళ్ళు అప్పటి ఖలీఫాల మీద తిరుగుబాటు చేసే గద్దెనెక్కారు. ఎక్కాక విధేయత గురించి బోధించారు, అది వేరే సంగతి!

[తెర మీద: 833, బాగ్దాద్]

ఖలీఫా మామూన్ ఒక ఆజ్ఞ వేశాడు: ఖురాన్ అనాదిగా ఉన్నది కాదు, దేవుడు సృష్టించిందేనని పండితులంతా ఒప్పుకోవాలి. చాలామంది ఒప్పుకున్నారు. హదీసు పండితుడు అహ్మద్ ఇబ్ను హంబల్ ఒప్పుకోలేదు. జైల్లో పెట్టారు, మామూన్ తర్వాత వచ్చిన ముఅతసిం కొరడాలతో కొట్టించాడు. అయినా దూకలేదు. తర్వాతి ఖలీఫా వాసిఖ్ కాలంలో కొందరు పండితులు ఆయన దగ్గరికొచ్చి, ఈ పాలన మాకొద్దన్నారు. మనసులో కాదనుకోండి గానీ విధేయత వదలకండి, నెత్తురు చిందించకండి అన్నాడాయన. మంటలో దూకడు, సేనానిని తోయడు.

అదే వాసిఖ్ కాలంలో, అదే ఖురాన్ విషయంలో ఖలీఫాను ఎదిరించిన అహ్మద్ బిన్ నస్ర్ మాత్రం తిరుగుబాటుకు సిద్ధమయ్యాడన్న ఆరోపణపై పట్టుబడ్డాడు. 846లో తల తీసి బాగ్దాద్‌లో వేలాడదీశారు. తిరుగుబాటు వద్దన్న ఇబ్ను హంబల్ అతన్ని తప్పుపట్టలేదు. ప్రాణానికి వెనకాడలేదని మెచ్చుకున్నట్టే చరిత్రకారులు రాశారు.