పాండా అటూ ఇటూ ఎందుకు తిరుగుతుంది? పశువైద్యుడితో ఫోన్-ఇన్

వ్యాఖ్యాత: నమస్కారం, లైన్లో ఎవరండీ?

శ్రోత: నమస్తే అండి, అమలాపురం దగ్గర్నుంచి మాట్లాడుతున్నాను. గేదెలూ ఆవుల సంగతి కాదండి, పాండా గురించి అడగొచ్చా?

డాక్టర్: నిరభ్యంతరంగా అడగండమ్మా.

శ్రోత: సెలవుల్లో విదేశంలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లామండి. అక్కడి జూలో పాండాని చూశాం. గోడ వెంబడే ఆ చివరిదాకా వెళ్లడం, తల తిప్పుకుని మళ్లీ వెనక్కి రావడం. ఎంతసేపు చూసినా అదే దారి. మా పాప ఆరో తరగతి. "దానికి పిచ్చెక్కిందా అమ్మా" అని ఒకటే ఏడుపు. ఇంటికొచ్చాక కూడా అదే ధ్యాస. మావాళ్లేమో "దానికేం లోటే, ఏసీ గది, వేళకి తిండి" అంటారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉందండి. పిల్లకి ఏం చెప్పాలి?

డాక్టర్: ముందు పాపని కసరకండి. తను సరిగ్గానే గమనించింది. బోనులోని జంతువు ఒకే దారిలో పదేపదే తిరుగుతుంటే మేమూ పట్టించుకుంటాం. మీరు చూసింది ఏ వేళప్పుడు?

శ్రోత: మధ్యాహ్నం అండి. కాసేపటికి మనిషొచ్చి వెదురు వేశాడు.

డాక్టర్: వేశాక?

శ్రోత: ఆయ్, చతికిలబడి కూర్చుందండి. గడని చేత్తో పట్టుకుని, పళ్లతో పైతొక్క చీల్చి పక్కన పడేసి, లోపలిది కరకరా నమిలేసింది.

డాక్టర్: అయితే మేత కోసం ఎదురుచూస్తూ తిరిగి ఉండొచ్చు. కడుపు నిండాక కూడా అలాగే తిరుగుతుంటే మాత్రం అది బాధే. ఒక్క పూట చూసి తేల్చలేం. అసలు పాండా బతుకంతా తినడంలోనే ఉందమ్మా. మన గేదె నెమరేసి గడ్డిలో సారమంతా లాగేస్తుంది. పాండా ఎలుగుబంటి జాతి, దాని పేగు మాంసం తినే జంతువు పేగు. తిన్న వెదురులో ఐదో వంతు కూడా ఒంటబట్టడం కష్టం. అందుకే రోజుకి 10 నుంచి 16 గంటలు మేతకే సరిపోతుంది. జూలో అన్నీ తెచ్చి ముందు పడేస్తే ఆ వెతుకులాట పోతుంది. శ్రద్ధ ఉన్నచోట చిల్లులు పెట్టిన గొట్టంలో పండు ముక్కలు దాచి ఇస్తారు, ఎక్కడానికి దుంగలు వేస్తారు, ఎండాకాలంలో ఐసు దిమ్మలు పెడతారు. నన్నడిగితే ఏసీ కంటే ఇవే ముఖ్యం.

శ్రోత: "అడవిలో వదిలేయొచ్చుగా" అంటుందండి.

డాక్టర్: 2006లో చైనాలో షియాంగ్ షియాంగ్ అనే మగ పాండాని వదిలారు. మనుషుల దగ్గర పుట్టిన పాండాని అడవికి పంపడం అదే మొదలు. ఏడాది తిరక్కుండానే చనిపోయింది. అడవి పాండాలతో పోట్లాటలో దెబ్బతిందని తేలింది. తర్వాత పద్ధతి మార్చారు. పిల్లని తల్లి దగ్గరే పెరగనిచ్చి, దానికి మనుషులు అలవాటు కాకుండా కీపర్లే పాండా వేషం వేసుకుని వెళ్లేవారు. అలా పెరిగిన తావో తావోని 2012లో వదిలారు.

శ్రోత: అంత శ్రమ ఉందాండీ!

డాక్టర్: ఇంకా ఉందమ్మా. ఆడ పాండా ఏడాదికి ఒక్కసారే ఎదకి వస్తుంది, అదీ ఒకటి నుంచి మూడు రోజులే. పుట్టిన పిల్ల దాదాపు 100 గ్రాములు ఉంటుంది, ఒంటిమీద బొచ్చు కూడా సరిగ్గా ఉండదు. కవలలైతే తల్లి మామూలుగా ఒకదాన్నే సాకుతుంది. కీపర్లు రెండోదాన్ని ఇంక్యుబేటర్లో పెట్టి, వంతులవారీగా మార్చి మార్చి తల్లికి అందిస్తారు. ఆ పని తలుచుకుంటే నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వ్యాఖ్యాత: పాప పక్కనే ఉందాండీ? ఒకసారి ఇవ్వండి.

పాప: నమస్తే డాక్టరుగారూ. అక్కడ అదొక్కటే ఉంది. దానికి ఫ్రెండ్స్ ఉండరా?

డాక్టర్: పెద్ద పాండాలు అడవిలోనూ దేని చోటున అదే ఉంటుందమ్మా. ఒంటరిగా ఉంచడం వాటికి శిక్ష కాదు. ఈసారి వెళ్తే ఓ అరగంట నిలబడి చూడు. ఎంతసేపు తింది, ఎంతసేపు పడుకుంది, ఎంతసేపు తిరిగింది రాసుకో. అద్దం తట్టకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. తిరగడమే ఎక్కువగా ఉంటే ఎందుకని కీపర్‌నే అడుగు.

పాప: అడిగితే చెప్తారా?

డాక్టర్: రోజూ దాన్ని చూసుకునేది ఆయనే కదా, నీకంటే బాగా ఆయనకే తెలుస్తుంది. అడుగమ్మా.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ రావులపాలెం నుంచి. ఆవుకి పొదుగు వాచిందట, చెప్పండి...