అతికించిన కారు అద్దం పగలకుండా ఊడొస్తుందా? వైర్ కిట్ రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ చప్పుడు వినండి. కర్ర్... కర్ర్... అదీ. అద్దం పగులుతోందని కంగారు పడకండి, గమ్ము తెగుతున్న చప్పుడు అది. కారు ఒక రిటైర్డ్ మాస్టారిది. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు గానీ, ఈ చప్పుడు వచ్చినప్పుడల్లా లేచి నిలబడుతున్నారు పాపం.

సంగతేంటంటే, ఇది 2011 మోడల్ చిన్న కారు. ముందు అద్దం మీద గీత కూడా లేదు. కానీ వాన పడితే డ్రైవర్ కాళ్ల దగ్గర నీళ్లు. వైపర్ల కింద ప్లాస్టిక్ కవర్ ఊడదీసి చూస్తే, అద్దం కింది అంచు వెంబడి రేకంతా తుప్పు. రెండేళ్ల కిందట ఎక్కడో అద్దం మార్పించారట. అప్పుడు పాత గమ్ము కోస్తూ కత్తితో రేకు దాకా గీసేశారు, తుప్పు పట్టకుండా రేకుకి పూసే ప్రైమర్ వెయ్యకుండానే కొత్త గమ్ము పెట్టేశారు. ఆ గీత దగ్గర మొదలైంది తుప్పు. దాన్ని బాగుచెయ్యాలంటే అద్దం తియ్యాల్సిందే. "కొత్త అద్దమే కదయ్యా, మళ్లీ కొనాలా?" అన్నారు మాస్టారు. ఆ మాట కోసమే ఈ కిట్ తెప్పించాను.

అంబాసిడర్‌కి ఈ గొడవ లేదు. రబ్బరు బీడింగ్ పెదవి మడిచి లోపల్నించి నెమ్మదిగా తోస్తే అద్దం చేతుల్లోకి వచ్చేది. మళ్లీ బిగించేటప్పుడు బీడింగ్ గాడిలో తాడు పెట్టి లాగితే సరిపోయేది. ఇప్పటి కార్లలో అద్దాన్ని పాలీయురెథేన్ గమ్ముతో బాడీకి అతికించేస్తారు. గాలిలో తేమ పీల్చుకుని గట్టిపడే గమ్ము అది. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్నప్పుడు ఆ అద్దాన్నే ఆనుకుని నిలుస్తుంది, కాబట్టి గమ్ము మొండిగా ఉండాల్సిందే. తీసేవాడి తిప్పలు వాడివి.

మా షెడ్లో ఇన్నాళ్లూ వాడింది లాగుడు కత్తి. ఎల్ ఆకారంలో బ్లేడు, దానికో పిడి. బయటి నుంచి అద్దానికీ రేకుకీ మధ్య దూర్చి లాగడమే. పగిలిన అద్దం తియ్యడానికి దాన్ని మించింది లేదు. అద్దం దక్కాలంటే మాత్రం అదే శత్రువు. ముందు అద్దంలో రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఎదురుగా రాయి తగిలినా తట్టుకుంటుంది గానీ, అంచు దగ్గర మహా సున్నితం. చెయ్యి కాస్త తిరిగి బ్లేడు అంచుని పైకి లేపిందా, మూల నుంచి మధ్యదాకా జుయ్యిమని చీలిక పాకిపోతుంది. లాగే బలానికి కాదు, ఆ మెలికకి పగులుతుంది.

వైరుకి ఆ మెలిక ఉండదు. ఈ కిట్‌లో జడలా అల్లిన స్టీలు వైరు చుట్ట ఒకటి, గమ్ములో కన్నం పెట్టే సూది, అద్దానికి లోపలి వైపు అంటించే సక్షన్ కప్పుల మీద తిరిగే రాట్నం, దాన్ని ఒక్కో పన్ను చొప్పున తిప్పే రాచెట్ పిడి ఉన్నాయి. ముందు వైపర్లు, కింది కవరు, పక్క పట్టీలు, లోపల మిర్రర్ అన్నీ తీసేశాం. పెయింటుకి టేపు వేశాం. డ్యాష్‌బోర్డు మీద మందపాటి ప్లాస్టిక్ షీటు, దానిమీద దుప్పటి. ఈ రెండూ మర్చిపోతే వైరు డ్యాష్‌బోర్డుని వెన్నలా కోసేస్తుంది. తర్వాత కింది మూలలో సూదితో కన్నం పెట్టి, వైరుని బయట అద్దం చుట్టూ తిప్పి అంచు కిందకి నొక్కాం. ఒక కొస లోపల కట్టేసి, రెండో కొస రాట్నానికి చుట్టాం. పిడి తిప్పుతుంటే వైరు లోపలికి వస్తూ గమ్ముని కోసుకుంటూ పోతుంది.

ఇప్పుడు ఈ మూల దగ్గరకి రండి, కెమెరా దించుతున్నా. రాట్నం బిగుసుకుపోయింది చూశారా? మా కుర్రాడు ఇంకో రెండు పళ్లు తిప్పబోయాడు. "రేయ్, ఆగు" అన్నాను. ఇక్కడ పాత షాపువాళ్లు గమ్ము రెండింతలు పోశారు. బలం పెడితే వైరు తెగుతుంది, లేదా మూల విరుగుతుంది. ఒక పన్ను వదులు చేసి, సబ్బునీళ్లు స్ప్రే కొట్టి, రాట్నాన్ని జానెడు పక్కకి జరిపాం. వైరు లాగే కోణం మారింది. ఇదిగో, మళ్లీ కర్ర్ మంది. ఈ ఒక్క మూలకే పావుగంట పట్టింది, మిగతా మూడు వైపులూ కలిపి అరగంట.

కిట్‌లో లోపం చెప్తాను. వైరు బాగుంది, పని మొత్తంలో ఒక్కసారే తెగింది. తెగిన కొస కొరడాలా కొడుతుంది, కళ్లజోడు లేకుండా కూర్చోకండి. సక్షన్ కప్పులు మాత్రం నాసిరకం. పై అంచు కోస్తుంటే ఉన్నట్టుండి ఊడి దబ్బుమని కింద పడ్డాయి. దుప్పటి ఉంది కాబట్టి బతికిపోయాం. అప్పట్నుంచి అయిదేసి నిమిషాలకి గాలి తీసి మళ్లీ అంటించాం.

ఇంకో మాట. పని నీడలోనే చెయ్యండి. బెజవాడ ఎండలో కాగిన అద్దం మీద చల్లని సబ్బునీళ్లు కొడితే, చిన్న దెబ్బ ఉన్నా చాలు, పగులు పాకుతుంది.

"డోర్ల వెనక ఉండే చిన్న అద్దాలు, డిక్కీ అద్దం కూడా ఇలాగే తియ్యొచ్చా అన్నా?" అని అడుగుతుంటారు. అవి చాలావరకు టెంపర్డ్ గాజు. చీలిక రాదు, అంచుకి ఇనుము గట్టిగా తగిలితే మొత్తం ఒకేసారి మరమరాల్లా రాలిపోతుంది. వాటి దగ్గరకి కత్తి అసలు తేవద్దు. చాలా కార్లలో డిక్కీ అద్దానికి లోపల సన్నని హీటర్ గీతలుంటాయి. ముందు కనెక్టర్లు పీకి, వైరు ఆ గీతల మీద రాసుకోకుండా చూసుకోండి. ఈ కప్పులతో నేనైతే ఆ సాహసం చెయ్యను.

తిరిగి పెట్టేటప్పుడు రేకు మీది పాత గమ్ముని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంచేసి పైది చదును చేస్తాం. కొత్త గమ్ము దానికే బాగా పట్టుకుంటుంది. రేకు బయటపడ్డ చోట ప్రైమర్ తప్పనిసరి. ఈ గమ్ము బదులు సిలికాన్ పూసి పంపేవాళ్లున్నారు, వాళ్ల జోలికి పోకండి. కారు ఎప్పుడు తీసుకెళ్లొచ్చో గమ్ము కంపెనీవాళ్లే చెప్తారు. కొత్త కారైతే, అద్దం మీద రోడ్డుని చూసి డ్రైవర్‌కి సాయపడే కెమెరా ఉంటే, పెట్టాక దాన్ని మళ్లీ సరిచేయించాలి.

కొనాలా వద్దా? షెడ్డు నడిపేవాళ్లు కొనండి, కానీ కప్పులు మాత్రం మంచివి విడిగా తెచ్చుకోండి. మీ ఒక్క కారు కోసమైతే డబ్బు దండగ. షాపుకి వెళ్లి, "కత్తితో తీస్తారా, వైరుతోనా?" అని అడగండి. అద్దం పగిలితే ఖర్చు ఎవరిదో కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇదిగో, అద్దం లేచింది. నలుగురం పట్టుకుని స్టాండు మీద పెట్టాం. మాస్టారు అద్దం వైపు చూడనే లేదు. ఫ్రేము మీద తుప్పుని గోటితో గీరి, "ఇంత తిన్నదా?" అంటున్నారు. రేకు పని రేపు మొదలు.