శవాల్ని పారబోసి చావుని వెతికితే

తమ్ముడు: రికార్డింగ్ ఆన్ చేశా. అక్కా, నిన్న ఫోన్లో సగం చెప్పి ఆపేశావ్. ఒక్క గీత కోసం నాలుగు వారాలు ఏడ్చావన్నావే, అక్కణ్ణుంచి మొదలుపెట్టు.

అక్క: ఏడవలేదురా, యాంటీబాడీ అమ్మినవాళ్ళని తిట్టుకున్నా, అంతే. యాంటీబాడీ అంటే మనకి కావాల్సిన ప్రోటీన్‌ని పట్టుకుని చూపించేది. క్యాన్సర్ కణాలకి మందు వేశాను. మైక్రోస్కోప్‌లో చూస్తే చస్తున్నాయని తెలిసిపోతోంది. ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే వెస్టర్న్ బ్లాట్ వేస్తే మాత్రం క్లీవ్డ్, అంటే తెగిన, కాస్పేజ్-3 గీత, అదే బ్యాండ్, రాదే!

తమ్ముడు: ఆగాగు. కాస్పేజ్ అంటే?

అక్క: ప్రోటీన్లని కత్తిరించే కత్తెర అనుకో. కణం తనంతట తాను పద్ధతిగా చనిపోవడాన్ని అపోప్టోసిస్ అంటారు. 1972లో కెర్, వైలీ, కర్రీ పెట్టిన పేరు, గ్రీకులో ఆకులు రాలడమని అర్థం. ఆ పనిలో చివర్న దిగే కత్తెర కాస్పేజ్-3. మామూలప్పుడు 35 కిలోడాల్టన్ల సైజులో మడిచిపెట్టినట్టు ఊరికే పడుంటుంది. కబురు అందగానే అదే తెగుతుంది, బ్లాట్‌లో 17, 19 దగ్గర ముక్కలు కనిపిస్తాయి. తెగితేనే దానికి పదును.

తమ్ముడు: నీ యాంటీబాడీ ఆ ముక్కల్నే పట్టుకుంటుందన్నమాట.

అక్క: అవును. 175వ స్థానంలో ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం దగ్గర తెగినప్పుడు కొత్తగా ఒక కొస బయటపడుతుంది. దీనికి ఆ కొసే కావాలి, తెగనిదాని జోలికే పోదు. అలాంటిది బ్యాండ్ రాకపోతే ఏమనుకుంటాం? బాటిల్ చెడిపోయిందనే కదా! ఇంకోటి తెప్పించా. యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అతుక్కోకుండా చేసే బ్లాకింగ్‌కి పాలపొడి మానేసి బీఎస్ఏ అనే ప్రోటీన్ వాడా. ఫోటో తీసే సమయం, అదే ఎక్స్‌పోజర్, పెంచితే ప్రోటీన్లు అంటించిన మెంబ్రేన్ మొత్తం నల్లబడింది తప్ప ఒరిగిందేం లేదు.

తమ్ముడు: మరి చివరికి?

అక్క: మా సీనియర్ ఒకరోజు పక్కన నిలబడి చూసింది. ఫ్లాస్క్ తీశా, కణాలు పెరిగే ద్రవం, అదే మీడియా, పారబోశా, అడుగున అంటుకున్న కణాల్ని గీకా. "ఇప్పుడు నువ్వు పారబోసిందేంటి?" అంది. చచ్చే కణం పట్టు వదిలేసి మీడియాలోకి తేలిపోతుందిరా! నాలుగు వారాలుగా నేను శవాల్ని పారబోసి, బతికున్నవాటిలో చావు ఆనవాలు వెతుకుతున్నా. మర్నాడు ఆ మీడియాని కూడా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున దిగిన కణాల్ని కలిపా. బ్యాండ్ నిక్షేపంలా వచ్చింది.

తమ్ముడు: (నవ్వు) పాపం ఆ బాటిల్!

అక్క: ఇంకో మోసం ఉంది. రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో అందరూ వాడే ఎంసీఎఫ్-7 కణాల్లో కాస్పేజ్-3 అసలు తయారే కాదు. ఆ జీన్‌లో 47 అక్షరాలు ఊడిపోయాయి. ఎంత ఖరీదైన యాంటీబాడీ వేసినా ఖాళీయే. అక్కడ పార్ప్ అనే ఇంకో ప్రోటీన్ చూడాలి, 116 నుంచి 89 కిలోడాల్టన్లకి తెగిందా లేదా అని. కాస్పేజ్-7 అనే ఇంకో కత్తెర ఆ పని చేసిపెడుతుంది. అందుకే కణాల్ని చంపే స్టారోస్పోరిన్ వేసిన జుర్కాట్ అనే రక్త క్యాన్సర్ కణాల్ని కూడా, బ్యాండ్ రావాల్సిన నమూనాగా, పక్క లేన్‌లో నడపమంటారు. అక్కడా రాకపోతేనే యాంటీబాడీని అనుమానించు.

తమ్ముడు: రాకపోతే ఇంత గొడవ. లేనిది ఉన్నట్టు కనబడితే?

అక్క: అది మరీ చెడ్డ. బ్యాక్స్ అని ఒక ప్రోటీన్ ఉంది, మైటోకాండ్రియాకి చిల్లు పెట్టేది. పనిలోకి దిగేముందు దాని ఆకారం మారి, లోపల దాక్కున్న మొదటి కొస బయటికొస్తుంది. 6ఏ7 అనే యాంటీబాడీ అలా మారిన బ్యాక్స్‌నే పట్టుకుంటుంది. కానీ కణాల్ని పగలగొట్టడానికి ట్రైటాన్ ఎక్స్-100 లాంటి డిటర్జెంట్ వాడావనుకో, ఆ సబ్బే బ్యాక్స్ ఆకారం మార్చేస్తుంది. హాయిగా బతికున్న కణంలోనూ పాజిటివ్ వస్తుంది!

తమ్ముడు: సబ్బే దొంగసాక్ష్యం చెప్పిస్తోందన్నమాట.

అక్క: అంతే. చాప్స్ అనే డిటర్జెంట్‌తో ఆ బాధ లేదు. 6ఏ7 వాడిన పేపర్ ఏదొచ్చినా నేను ముందు మెథడ్స్‌లో సబ్బు పేరు చూస్తా. అది రాయలేదా, పక్కన పెట్టేస్తా.

తమ్ముడు: ఇంతకీ ఆ కంపెనీకి ఫిర్యాదు మెయిల్ పెట్టావా?

అక్క: రెండు పేజీలు రాశా. డ్రాఫ్ట్స్‌లోనే ఉంది, ఎవరికీ చెప్పకు.