ఉబ్బసంలో నరాల పాత్ర

అందరికీ నమస్కారం.

పోపులో ఎండుమిర్చి మాడితే పక్క గదిలో ఉన్నవాళ్లకూ దగ్గు వస్తుంది. ఆ ఘాటును పసిగట్టేది శ్వాసనాళాల లోపలి పొరలో అల్లుకున్న సన్నటి నరాల కొసలు. మిరపలోని కాప్సైసిన్‌కు స్పందించే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ వాటి మీద ఉంటుంది. దాన్ని గుర్తించిన డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ దగ్గు మనకు కాపలా. ఉబ్బసం ఉన్నవారిలో మాత్రం వాపు వల్ల ఈ కొసలు మరీ సున్నితమైపోతాయి. చల్లగాలి తగిలినా, అగరుబత్తి పొగ వచ్చినా, గట్టిగా నవ్వినా చాలు, దగ్గు, పిల్లికూతలు మొదలు. "ఇంత చిన్నదానికే అంత ఆయాసమా?" అని ఇంట్లోవాళ్లు విసుక్కుంటారు. దయచేసి అలా అనకండి. అది నటన కాదు, టెన్షన్ ఒక్కటే కారణమూ కాదు.

అసలు సంగతి ఇది. ఆ కొసల కబురు మెదడుకు చేరితే, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు వచ్చే వేగస్ నరం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని వదులుతుంది. అది శ్వాసనాళం కండరం మీది ఎం3 గ్రాహకాన్ని (రసాయన సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌ను) తాకితే ఆ గొట్టం బిగుస్తుంది. అదే రసాయనం వేగస్ నరం కొస మీదున్న ఎం2 గ్రాహకాన్ని తాకితే, "ఇక చాలు" అన్నట్టు విడుదల తగ్గుతుంది. అంటే నరానికి సొంత బ్రేకు ఉంది. అలర్జీలో ఇసినోఫిల్ అనే తెల్లరక్తకణాలు నరాల చుట్టూ చేరి, తమ ప్రోటీన్ ఒకదానితో ఆ బ్రేకు పనిచేయకుండా చేస్తాయి. గినీ పందుల్లో దీన్ని స్పష్టంగా చూశారు. ఉబ్బసంతో చనిపోయినవారి ఊపిరితిత్తుల్లోనూ నరాలను అంటుకుని ఈ కణాలు కనిపించాయి. జలుబు వైరస్‌లు కూడా ఈ బ్రేకును దెబ్బతీస్తాయి. జలుబు చేసిన వారంలో పిల్లలకు ఆయాసం ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

19వ శతాబ్దం మొదట్లో ఉబ్బసానికి ఉమ్మెత్త పొగ పీల్చే పద్ధతి మద్రాసు నుంచి బ్రిటన్‌కు వెళ్లింది. ఉమ్మెత్తలోని అట్రోపిన్ ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది. కానీ అది విషం, ఎవరూ ప్రయత్నించకండి. అదే దారిలో పనిచేసే ఇప్రాట్రోపియం, టయోట్రోపియం ఇప్పుడు ఇన్‌హేలర్లలో సురక్షితంగా దొరుకుతున్నాయి. పొగతాగేవారికి ఎక్కువగా వచ్చే సీఓపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బులో ఇవి ముఖ్యమైన మందులు.

ఉబ్బసంలో మాత్రం ఇవి స్టెరాయిడ్ ఇన్‌హేలర్‌కు తోడుగానే వాడాలి. ఆయాసం తగ్గిందని స్టెరాయిడ్‌ను సొంతంగా ఆపేస్తే వాపు తిరిగి వస్తుంది. ఇసినోఫిల్స్ మళ్లీ నరాల చుట్టూ చేరతాయి.