జబ్బు కథా, గిటార్ కథా? పాట్ మార్టినో డాక్యుమెంటరీపై చర్చ

యాంకర్: నమస్కారం. 1980లో మెదడులో చిక్కుపడిన రక్తనాళాలకు ఆపరేషన్ అయ్యాక ఫిలడెల్ఫియా జాజ్ గిటారిస్టు పాట్ మార్టినో కన్నవాళ్లనే గుర్తుపట్టలేకపోయారు. తన పాత రికార్డులు వింటూ మళ్లీ గిటార్ నేర్చుకున్నారు. ఆయనపై 2008లో వచ్చిన ‘మార్టినో అన్‌స్ట్రంగ్’ డాక్యుమెంటరీ చూశాక మా టీమే రెండుగా చీలింది. మాస్టారూ, జబ్బు లేకపోతే ఈ సినిమా ఉండేదా?

గిటార్ మాస్టారు: ప్రశ్నే తప్పండి! 1967లో ‘ఎల్ హోంబ్రే’ ఆల్బమ్ రికార్డు చేసేనాటికి ఆయనకు 22 ఏళ్లు. అంత వేగంలోనూ ఒక్కో స్వరం విడిగా వినిపిస్తుంది. అప్పటికి జబ్బెక్కడుంది?

డాక్టర్: ఉందండి. రక్తనాళాలు అలా చిక్కుపడటం సాధారణంగా పుట్టుకతోనే...

మాస్టారు: ఉండనివ్వండి! వాయించింది రక్తనాళాలు కాదు కదా!

విమర్శకురాలు: ఒక్క నిమిషం. దర్శకుడు ఇయాన్ నాక్స్ మెదడుకూ మనసుకూ ఉన్న సంబంధాన్ని పరిశీలించే న్యూరోసైకాలజిస్టు పాల్ బ్రాక్స్‌ని వెంట తీసుకెళ్లింది ఏడిపించడానికి కాదు. జ్ఞాపకం పోయినా మనిషి అదే మనిషా అని అడగడానికి. అది మంచి ప్రశ్నే.

యాంకర్: కానీ మేడమ్, కన్నీళ్లు లేకపోతే మామూలు ప్రేక్షకుడు జాజ్ చూస్తాడా?

డాక్టర్: పేర్లు, సంఘటనలు గుర్తుండటం వేరు, చేతి అలవాటు వేరు. మెదడులో వాటి చోట్లూ వేరే. అందుకే వేళ్లకు...

యాంకర్: అంటే కన్నతల్లిని మరిచిపోయిన వేళ్లు గిటార్‌ని మరవలేదు! కన్నీళ్లొస్తాయి కదండీ?

మాస్టారు: మళ్లీ కన్నీళ్లేనా? మన టీవీ పాటల పోటీల్లోనూ ఇంతే. పిల్లవాడు పల్లవి ఎత్తకముందే వాళ్ల ఇంటి కష్టాలు చూపిస్తారు!

విమర్శకురాలు: అది వేరే విషయమండీ...

మాస్టారు: వేరే కాదు! పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించారు. ఆయన్ని తలుచుకుంటే 2014లో చిన్న వయసులోనే పోయారన్న మాటే ముందొస్తుంది. ఆ గమకాల సంగతి ఎవరు చెప్తారు?

యాంకర్: అదీ విషాదమే కదా మాస్టారూ!

డాక్టర్: నా మాట పూర్తికాలేదు. వేళ్లకు అలవాటు మిగిలినా...

మాస్టారు: డాక్టర్‌గారూ, క్షమించండి, ఇదొక్కటి. మార్టినో గిటార్ మొత్తాన్నీ లెక్కగట్టారు. డిమినిష్డ్ కార్డ్, అంటే సమాన దూరాల్లో ఉన్న నాలుగు స్వరాలు కలిపి మోగించేది, పట్టుకుని వాటిలో ఏ ఒక్కదాన్ని అరమెట్టు, అంటే గిటార్ మీద ఒక గడి, దించినా సెవెంత్ కార్డ్ అనే మరో స్వరాల గుంపు వస్తుంది. నాలుగు స్వరాలు, నాలుగు కార్డులు! నా శిష్యులకు ఇది చూపిస్తే కళ్లు మెరుస్తాయి. దీనికి ఐదు నిమిషాలు ఇవ్వాలి!

విమర్శకురాలు: సంగీతానికి ఇంకా చోటివ్వాలి, ఒప్పుకుంటాను. కానీ 1987లో ఆయన మళ్లీ వేదికెక్కి ‘ది రిటర్న్’ రికార్డు చేశారంటే, మధ్యలో ఏం జరిగిందో తెలియకుండా...

మాస్టారు: ముందు వినాలి, తర్వాతే తెలుసుకోవాలి!

యాంకర్: టైమ్ అయిపోయింది. డాక్టర్‌గారూ, ఒక్క మాటలో, కన్నీళ్లా, సంగీతమా?

డాక్టర్: ఒక్క మాటలో ఎలా చెప్తామండీ...

మాస్టారు: సంగీతం! రాసుకోండి, సంగీతం!